ఆప్షన్ల కాగితం మీద ఇజ్జత్ రాయకండి

నీట్ ఫలితాలు వచ్చాక మన మొహల్లాల్లో రెండు రకాల ఇళ్ళు కనిపిస్తాయి. మంచి ర్యాంకు వచ్చిన ఇంటి నుంచి మిఠాయి డబ్బాలు బయలుదేరతాయి. అస్సలు రాని ఇంట్లో ఆ ఊసే ఎత్తరు. ఈ రెండింటికీ మధ్యన మూడో రకం ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలకి పదో తరగతిలో పదికి పది. ఇంటర్ మొదటి ఏడాది భేష్. రెండో ఏడాది ఫిజిక్స్‌లో దెబ్బ. నీట్ మొదటిసారి 290, రెండోసారి 410. తెలివి లేదనడానికి వీల్లేదు, ఉందని గట్టిగా చెప్పడానికి నోరు రాదు. ఏ కాలేజీకి పెట్టాలి, దేన్ని వదలాలి అనే ఫిక్ర్ అసలు ఈ ఇళ్ళదే. ఈ మజ్మూన్ కూడా వాళ్ళ కోసమే.

మాది మహబూబ్‌నగర్. ఏటా ఈ సీజన్‌లో ఎవరో ఒకరు కాగితం పట్టుకుని మష్వరా కోసం మా ఇంటికి వస్తారు. నేను డాక్టర్ని కాను, కన్సల్టెన్సీవాణ్ణి అసలే కాను. నోటిఫికేషన్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే ఓపిక ఉన్నవాణ్ణి, అంతే. అన్ని కాగితాలు చూశాక నాకు ఒక విషయం రూఢి అయింది. మన పిల్లల సీట్లు కొన్ని పరీక్ష హాల్లో పోతాయి, కొన్ని ఆప్షన్ల దగ్గర పోతాయి. పరీక్ష హాల్లో పోయినవాటికి మనం ఏడుస్తాం. ఆప్షన్ల దగ్గర పోయినవి పోయాయని కూడా మనకి తెలియదు. పిల్లల ర్యాంకు, ఇంటి ఆమ్దనీ చూసి రాయాల్సిన కాగితం మీద ఖాందాన్ ఇజ్జత్ చూసి రాస్తున్నాం.

ముందుగా ఒక గలత్‌ఫహమీ తీసేద్దాం. "మా బిడ్డకి ఇంటర్‌లో 970 వచ్చాయి భాయి, ఏదో ఒక సీటు రాకపోతుందా" అంటారు. రాదు. ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. నీట్‌లో ఆ లెక్క లేదు. ఇంటర్ బైపీసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్ళకి 50 శాతం, రిజర్వేషన్ వాళ్ళకి 40 శాతం ఉంటే అర్హత వచ్చేసినట్టే. అక్కడితో ఇంటర్ మార్కుల పని ఖతం. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇంటర్‌లో 650తో బయటపడి, నీట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు ఆ పాత మెమో చూసి ముడుచుకోవాల్సిన పని లేదు. కౌన్సెలింగ్‌లో వాడిని ఎవరూ ఆ మెమో పట్టుకుని నిలదీయరు.

రెండోది, మార్కులు కాదు, ర్యాంకు చూడండి. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. మరుసటి ఏడాది పేపరు కఠినంగా వచ్చి, దేశం మొత్తం మీద ఫస్ట్ వచ్చినవాడికే 686. జనరల్ అర్హత మార్కు 2024లో 162 అయితే 2025లో 144. కాబట్టి "పక్కింటి అబ్బాయికి పోయినేడు 480కి రాలేదు, మనకి 440కి ఏం వస్తుంది" అనే హిసాబ్ పనికిరాదు. పోయినేడు ఏ ర్యాంకుకి, ఏ కేటగిరీలో, ఏ రౌండులో సీటు ఆగిందో చూడాలి. ఆ జాబితాలు యూనివర్సిటీ వెబ్‌సైటులో ఉంటాయి. తెలంగాణకి వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రకి విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. చూడటానికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎగుడుదిగుడు మార్కులు అనగానే మనవాళ్ళు దాచిపెట్టుకోవడానికి చూస్తారు. నేను మాత్రం ఆ ఎగుడుదిగుడునే ముందు బల్ల మీద పరచమంటాను. ఏ కాలేజీకి పెట్టాలో, ఇంకో ఏడాది కూర్చోవాలో లేదో అందులోనే రాసి ఉంటుంది.

ఇద్దరు పిల్లలని తీసుకోండి. ఇద్దరికీ నీట్‌లో 410. ఒకమ్మాయికి బయాలజీలో 360కి 290, కెమిస్ట్రీలో 90, ఫిజిక్స్‌లో 30. ఒకబ్బాయికి బయాలజీలో 190, కెమిస్ట్రీలో 110, ఫిజిక్స్‌లో 110. ర్యాంకు ఇద్దరికీ దాదాపు ఒకటే. మన బిరాదరీ ఇద్దరినీ ఒకే తక్కెడలో తూస్తుంది. కానీ ఆ అమ్మాయి బలహీనత ఉన్న సబ్జెక్టు ఎంబీబీఎస్ గడప దాటాక మళ్ళీ పరీక్ష రూపంలో ఎదురుపడదు. సీటు దొరికితే ఆమె నిలబడుతుంది. సీటు దొరక్కపోతే ఫిజిక్స్ ఒక్కదాని మీద ఏడాది కష్టపడితే మార్కులు పెరిగే చోటు చాలా ఉంది. ఆమెకి ఇంకో ఏడాది ఇవ్వడం ఫిజూల్ ఖర్చు కాదు. అబ్బాయి సంగతి వేరు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పుస్తకాలు మొదటి ఏడాదిలోనే మీద పడతాయి. గుర్తుపెట్టుకోవాల్సిన చదువు అతనికి ఇప్పటికే బరువుగా ఉందంటే, అరకోటి పోసి సీటు కొనేముందు వాలిదైన్ కూర్చుని మాట్లాడుకోవాలి. 2023 నాటి నిబంధనల ప్రకారం ఎంబీబీఎస్ మొదటి ఏడాది పరీక్ష గట్టెక్కడానికి నాలుగు అవకాశాలే ఉన్నాయి. మొత్తం కోర్సు తొమ్మిదేళ్ళలో ముగించాలి. సీటు కొనొచ్చు గానీ ఆ నాలుగు అవకాశాలకి తోడు ఐదోది కొనలేం.

లాంగ్‌టర్మ్ కోచింగ్ మీద కూడా నా రాయ్ ఇదే. మొదటిసారికీ రెండోసారికీ వంద మార్కులు పెరిగితే మూడోసారి కూర్చోవడానికి దలీల్ ఉంది. 380 నుంచి 390కి వచ్చి ఆగితే ఆ పిల్లలని నాలుగోసారి, ఐదోసారి అదే హాస్టల్‌లో, అదే బెంచీ మీద కూర్చోబెట్టడం జుల్మ్. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి ఇరవై మూడు దాకా "నీట్ రాస్తున్నాడు" అనే మాట తప్ప ఇంకే పరిచయమూ లేకుండా పోయిన పిల్లలు మా ఊళ్ళోనే ఉన్నారు.

ఇక ఆప్షన్ల సంగతి. దరఖాస్తు ఒక్కటే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. తలుపులు మూడు. ఒకటి, రాష్ట్ర కన్వీనర్ కోటా. సర్కారీ కాలేజీల సీట్లు, ప్రైవేటులో సగం, ముస్లిం మైనారిటీ కాలేజీల్లోని ఎ కేటగిరీ ఇందులోకి వస్తాయి. రెండు, అదే యూనివర్సిటీ విడిగా పిలిచే బి, సి కేటగిరీలు. మూడు, ఢిల్లీ నుంచి ఎంసీసీ నడిపే కౌన్సెలింగ్. సర్కారీ కాలేజీల్లో 15 శాతం ఆల్ ఇండియా సీట్లు, ఎయిమ్స్‌లు, డీమ్డ్ యూనివర్సిటీలు, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ అన్నీ ఇందులోనే. అలీగఢ్ పేరు వినగానే మనవాళ్ళ కళ్ళు మెరుస్తాయి గానీ అక్కడ సగం సీట్లు ముందే అక్కడ చదువుకున్నవాళ్ళవి. డీమ్డ్ కాలేజీలకి పెట్టాలంటే 2 లక్షలు ధరావతు కట్టాలి. ప్రతి తలుపుకీ వేరే తారీఖులు, వేరే ఫీజులు. వచ్చిన సీటు వదిలేస్తే ఏమవుతుందనే షరతులు కూడా రౌండుని బట్టి మారతాయి. ఆ పేజీ చదవకుండా బటన్ నొక్కకండి.

వరసలో ఏది ముందు పెట్టాలి? కంప్యూటర్ పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మీ ర్యాంకుకి అందే వాటిలో పైన ఏది ఉంటే అది ఇస్తుంది. కాబట్టి "పెద్దది పైన పెడితే చిన్నది కూడా పోతుందేమో" అనే డర్ అక్కర్లేదు. నిజంగా కావాల్సింది పైనే పెట్టండి. తరువాత అందేవి, ఆ తరువాత తప్పకుండా అందుతాయనుకున్నవి, ఒక్కటీ వదలకుండా రాయండి. సీటు వచ్చినా పంపం అనుకున్న కాలేజీ పేరు మాత్రం రాయకండి.

వెనకటిలా హైదరాబాద్, వరంగల్ అని ఆగిపోయే రోజులు పోయాయి. మా మహబూబ్‌నగర్‌లో సర్కారీ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది. 2022లో నాగర్‌కర్నూల్‌కీ వనపర్తికీ వచ్చాయి. 2024లో గద్వాలకీ నారాయణపేటకీ వచ్చాయి. ఒక్క పాత పాలమూరు జిల్లాలోనే ఐదు. అటు ఆసిఫాబాద్, భూపాలపల్లి, ములుగు దాకా ఇదే కథ. సర్కారీ సీటుకి ఏడాది ఫీజు 10 వేలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుకి 60 వేలు. అదే ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ అయితే ఏడాదికి పది లక్షలు దాటుతుంది.

"కొత్త కాలేజీల్లో ప్రొఫెసర్లు లేరు భాయి, బిల్డింగులే లేవు" అంటారు. ఇందులో సచ్ లేకపోలేదు. అధ్యాపకుల కొరత ఉంది, హాస్టళ్ళ కష్టాలు ఉన్నాయి. సర్కారుని నిలదీయాల్సిందే. అయినా అక్కడ జిల్లా దవాఖానా ఉంది, అందులో పేషెంట్లు ఉన్నారు. కాళోజీ యూనివర్సిటీ పేపరే అక్కడా రాస్తారు. పట్టా మీద అదే యూనివర్సిటీ ముద్ర. రేపు పీజీకి రాసే పరీక్షలో నువ్వు గాంధీ నుంచి వచ్చావా గద్వాల నుంచి వచ్చావా అని అడగరు. తళతళలాడే బిల్డింగు చూసి ప్రైవేటు బి సీటు మంచిదనుకునేవాళ్ళకి ఒక మాట గుర్తుచేయాలి. తెలంగాణలో 2022లో మూడు ప్రైవేటు కాలేజీల అడ్మిషన్ల అనుమతిని నేషనల్ మెడికల్ కమిషన్ రద్దు చేస్తే, చేరిన పిల్లలు నడివీధిలో నిలబడ్డారు. వాళ్ళని వేరే కాలేజీల్లో సర్దడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి చేదుగా ఉంటుంది. ఆడపిల్లల ఆప్షన్లు. మా ఇంటికి వచ్చే కాగితాల్లో మగపిల్లాడి జాబితా పొడుగ్గా ఉంటుంది, ఆడపిల్ల జాబితా నాలుగైదు పేర్లతో ఆగిపోతుంది. అన్నీ హైదరాబాద్‌వే. ఎందుకంటే అక్కడ ఖాలా ఇల్లు ఉంది. "మంచిర్యాలకి ఎవరు పంపుతారు? ఆసిఫాబాద్ ఎంత దూరం! రేపు రిష్తాల దగ్గర ఏం చెప్పాలి?" ఆ అమ్మాయి ర్యాంకుకి ఆసిఫాబాద్‌లో 10 వేల రూపాయల సర్కారీ సీటు అందేలా ఉంటుంది. జాబితాలో పేరే లేకపోతే కంప్యూటర్ ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఆపైన అదే ఇల్లు ప్లాటు అమ్మి నగరంలో బి సీటు కొంటుంది. ప్లాటు లేకపోతే అమ్మాయిని డిగ్రీలో చేర్చి, ఏడాది తిరగకముందే నికాహ్ మాటలు మొదలుపెడుతుంది.

నేను వాలిదైన్ ఫిక్ర్‌ని తక్కువ చేయడం లేదు. హాస్టల్ ఎలా ఉంది, వార్డెన్ ఎవరు, బస్టాండు నుంచి ఎంత దూరం అని వెళ్ళి చూసి రండి. ఒకరోజు పని, బస్సు ఛార్జీ ఖర్చు. చూశాక వద్దనుకుంటే అది ఫైసలా. చూడకుండానే వద్దనడం ఒట్టి భయం. మన పట్నం చరిత్రే చూడండి. హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది, అదే తరువాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. మొదట్లో అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఆ స్కూల్లో 1880ల్లోనే ఆడపిల్లలు చేరారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే పనిలో పేరు తెచ్చుకున్నారు. రైలు, ఫోను, హాస్టల్ సౌకర్యాలు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో జరిగింది ఇది. మన ఇంటి ఆడవాళ్ళకి లేడీ డాక్టరే కావాలని దవాఖానాలో పట్టుబట్టేది మనమే. ఆ లేడీ డాక్టర్ ఎవరి ఇంట్లోంచి రావాలి మరి?

ఇక విదేశాలు. దూరపు కొండలు నునుపు. కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, జార్జియా, బంగ్లాదేశ్ అని ఏజెంట్లు కరపత్రాలు పంచుతారు. "ముస్లిం ముల్క్, హలాల్ ఖానా" అని ఒక లైను అదనంగా వేస్తారు. తిండి సంగతి వాళ్ళు చెప్పారు, మిగిలినవి మనం అడగాలి. అక్కడికి వెళ్ళాలన్నా నీట్ అర్హత కావాలి. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో బోధించాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో ప్రాక్టీసు చేయడానికి పనికొచ్చే పట్టా అయి ఉండాలి. తిరిగొచ్చాక 300కి 150 తెచ్చుకుని స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి, ఇక్కడ మళ్ళీ ఏడాది ఇంటర్న్‌షిప్. 2024 జూన్‌లో ఆ పరీక్ష రాసినవాళ్ళలో ఐదుగురిలో ఒక్కరే గట్టెక్కారు. 2022లో ఉక్రెయిన్ నుంచి వేలమంది పిల్లలు సగం చదువుతో తిరిగి రావడం, 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద దాడులు జరగడం మనం టీవీలో చూసినవే.

అందరూ వెళ్ళొద్దని నేను అనను. పైన చెప్పిన అమ్మాయిలాంటి మార్కులు ఉండి, ఇక్కడ సీటు అంచు దాకా వచ్చి పోయినవాళ్ళు అక్కడ మెహనత్ చేసి డాక్టర్లయి తిరిగొచ్చారు. బయాలజీలోనే తడబడే పిల్లలని "అక్కడ సులువు" అని పంపితే, ఆరేళ్ళ తరువాత ఆ స్క్రీనింగ్ పరీక్ష దగ్గర ఆ తడబాటే ఎదురుపడుతుంది. అప్పటికి ఇంటి మీద ఖర్జా, పిల్లల మీద వయసు రెండూ పెరిగి ఉంటాయి. బ్యాంకు లోను అంటే సూద్ అని వెనకాడేవాళ్ళే, ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోయడం కూడా చూశాను. ఈ రెండింటిలో ఏది ఎక్కువ సూదో వాళ్ళే హిసాబ్ చేసుకోవాలి.

కాగజాత్ గురించి నాలుగు మాటలు. తెలంగాణ, ఆంధ్రల్లో బీసీ-ఇ కింద మనకి 4 శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. షేక్‌లు ఇందులో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు లేరు. దూదేకుల, నూర్‌బాషా వాళ్ళు బీసీ-బి. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన ఢిల్లీ కౌన్సెలింగ్‌లో ఓబీసీ అయిపోరు. కేంద్రం జాబితా వేరే, అది విడిగా చూసుకోవాలి. అందులో లేనివాళ్ళు ఆమ్దనీ తక్కువైతే ఈడబ్ల్యూఎస్ వర్తిస్తుందేమో కనుక్కోవాలి. లోకల్ సంగతి ఇంకోటి. తెలంగాణ 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివి ఉండాలి. సుప్రీంకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. కోచింగ్ మోజులో పిల్లలని తొమ్మిదో తరగతిలోనే వేరే రాష్ట్రానికి పంపేవాళ్ళు ముందు ఇది ఆలోచించుకోవాలి.

అన్నిటికంటే మన ఇళ్ళలో పెద్ద ముసీబత్ పేర్లది. పదో తరగతి మెమోలో ఎండీ, ఆధార్‌లో మొహమ్మద్, నీట్ దరఖాస్తులో మహ్మద్. అమ్మాయిలకి ఒకచోట బేగం ఉంటుంది, ఇంకోచోట ఉండదు. అబ్బా పేరు మూడు రకాలు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజు ఈ ఒక్క అక్షరం కోసం మీసేవ, ఎమ్మార్వో ఆఫీసు, నోటరీ అని పరిగెత్తడం కంటే, పిల్లలు ఇంటర్‌లో ఉండగానే అన్నిచోట్లా పదో తరగతి మెమోలో ఉన్నట్టు సరిచేయించండి. సీటు రాలేదని చేసే దువాలో సగం శ్రమ దీనికి చాలు.

ఎంబీబీఎస్ రాకపోతే ఖతం అనుకునేవాళ్ళకి ఆఖరి మాట. బీడీఎస్ ఉంది, బీఎస్సీ నర్సింగ్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది. ఉర్దూ వచ్చిన పిల్లలకి చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీలో, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ కాలేజీలో యునానీ చదువు ఉంది. దీనికీ నీట్ అర్హత కావాలి. ఎంబీబీఎస్ పోయిందన్న గమ్‌తో వీటిలో చేరినవాళ్ళు అక్కడా నిలబడరు. ఇష్టమై చేరేటట్టయితేనే రాయండి.

కాబట్టి ఈ ఏడాది ఆప్షన్లు పెట్టే ముందు ఒక పని చేయండి. ఏజెంటునీ, ఫుప్పా గారినీ, వాట్సాప్ గ్రూపునీ ఒక పూట పక్కన పెట్టి, పిల్లలని పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు సబ్జెక్టుల మార్కులు విడివిడిగా రాయండి. ఇంట్లో నిజంగా ఉన్న డబ్బు ఎంతో, అప్పు చేస్తే తీర్చగలిగింది ఎంతో పక్కన రాయండి. అమ్మాయి అయితే "ఎంత దూరం వెళ్ళగలవు బేటా" అని ఆమెనే అడగండి. మీరు అనుకున్న దానికంటే ఆమె దూరమే చెబుతుంది. జాబితా ఆ తరువాత మొదలుపెట్టండి.